న్యూయార్క్ హత్యల గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న మాటలకు ఖండన

పిల్లలను అమెరికాకు చదువుకు పంపిన తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక సందేశం ఏళ్ల తరబడి చేతులు మారుతూ ఉంది. దాని సారాంశం ఇది: న్యూయార్క్‌లో హత్యలు చరిత్రలో ఎన్నడూ లేనంతగా పెరిగాయి, పూర్వం ఆ నగరం ప్రశాంతంగా ఉండేది, 1990లలో ఒక్క మేయర్ కఠినంగా వ్యవహరించి దాన్ని చక్కదిద్దితే, తరువాతివారు పోలీసుల చేతులు కట్టేసి, బెయిలు చట్టాన్ని సడలించి, వలసదారులను రానిచ్చి మళ్లీ పాడుచేశారు. ఆధారంగా చూపేది ఒకే అంకె: 2020లో హత్యలు ఒక్క ఏడాదిలో 40 శాతానికి పైగా పెరిగాయని. ఆ అంకె నిజమే. 2019లో 319గా ఉన్న హత్యలు 2020లో 468కి చేరాయి. అన్ని ప్రాణాలు అదనంగా పోవడం చిన్న విషయమని ఎవరూ అనలేరు. కానీ ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని చెప్పిన మిగతా మాటలేవీ లెక్కకు నిలబడవు.

‘ఎన్నడూ లేనంతగా’ అన్న మాటనే ముందు చూద్దాం. న్యూయార్క్ పోలీసు లెక్కల్లో అత్యధికంగా హత్యలు నమోదైన సంవత్సరం 1990. ఆ ఏడాది హతులు 2,245 మంది. వారిలో 87 మంది ఒక్క రాత్రిలోనే చనిపోయారు: మార్చి 25న నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఉన్న ‘హ్యాపీ లాండ్’ అనే క్లబ్బులో, అక్కడ పనిచేసే మాజీ ప్రియురాలితో గొడవపడి బయటికి వచ్చిన ఒక వ్యక్తి, ఒక డాలరు పెట్రోలు కొని తెచ్చి గుమ్మంలో పోసి నిప్పు పెట్టాడు. ఆమె బతికింది, లోపల నాట్యం చేస్తున్నవారు పోయారు. ఆ 87 మందిని తీసేసినా మిగిలేది 2,158. అప్పటి జనాభా 73 లక్షలు కాబట్టి లక్షమందికి దాదాపు 30 హత్యలన్నమాట. కరోనా తరువాతి పెరుగుదల 2021లో 488 దగ్గర ఆగింది. 88 లక్షల జనాభాకు అది లక్షకు ఐదున్నర. దేశం మొత్తం సగటు ఆ రోజుల్లో ఆరున్నరకు పైనే ఉంది, అంటే పెరిగిన తరువాత కూడా న్యూయార్క్ దేశ సగటుకు దిగువనే ఉంది. 2024 నాటికి హత్యలు 380కి అటూ ఇటూగా తగ్గాయి. శాతాన్ని మాత్రమే చెప్పి, ఏ అంకె మీద ఆ శాతమో చెప్పకపోవడమే ఈ సందేశం చేసిన అసలు మోసం.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం రావచ్చు: వైద్యం మెరుగుపడి గాయపడినవారు బతుకుతున్నందువల్లనే హత్యల అంకె తగ్గిందేమో, హింస అలాగే ఉందేమో అని. వైద్యం ప్రాణాలు కాపాడుతున్న మాట వాస్తవమే. అయితే కాల్పుల ఘటనలే 1993లో ఐదు వేలకు పైగా ఉండగా 2017లో 800 లోపుకు దిగాయి. గాయాలే తగ్గాయి కనుక ఆ ఘనతంతా ఆసుపత్రులదే అనలేం.

‘పూర్వం ప్రశాంతం’ అన్నదాంట్లో 1950ల విషయంలో కొంత నిజముంది, అంతకు మించి లేదు. 1863 జూలైలో నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా రేగిన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. నల్లజాతివారిని వీధి దీపాల స్తంభాలకు ఉరితీశారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రేటు బాగా తగ్గింది, తరువాత 1960లలో ఎగబాకింది, 1969 నుంచి 1995 వరకు వరుసగా 27 ఏళ్లు ఏటా వెయ్యికి తగ్గలేదు. సందేశం రాసినవారు బంగారు కాలంగా తలచుకునేది బహుశా ఈ 27 ఏళ్లలోనే పడుతుంది. నిజానికి 1950ల తరువాత జనాభా నిష్పత్తిలో అతి తక్కువ హత్యలు జరిగిన సంవత్సరం 2017. ఆ ఏడాది హతులు 292 మంది.

ఇక ఒక్క మేయర్ ఘనత. సందేశం పొగిడే ఆ మేయర్ రుడాల్ఫ్ జూలియానీ పదవిలోకి వచ్చింది 1994 జనవరిలో. 1990 నుంచి 1993 దాకా, డేవిడ్ డింకిన్స్ మేయరుగా ఉండగానే, వార్షిక హత్యలు దాదాపు 300 తగ్గాయి; వేల మంది పోలీసులను అదనంగా నియమించుకోవడానికి పన్ను విధించే చట్టం కూడా 1991లో ఆయన హయాంలోనే వచ్చింది. జూలియానీ కాలంలో తగ్గుదల వేగం పుంజుకుందనడం నిజం, దాన్ని దాచడం కూడా అన్యాయమే. కానీ అదే దశాబ్దంలో దేశమంతటా హత్యల రేటు లక్షకు 9.8 నుంచి 5.5కు దిగింది. ఆయన పాలించని ఊళ్లలో తగ్గినదాన్ని కూడా ఆయన ఖాతాలో వేస్తారా?

పోలీసుల చేతులు కట్టేసినందుకే హత్యలు పెరిగాయన్న వాదానికి ఇంతకంటే సూటి జవాబు ఉంది. దారినపోయేవారిని ఆపి తడిమి సోదా చేసే పద్ధతి 2011లో పరాకాష్ఠకు చేరి, ఆ ఒక్క ఏడాదే 6,85,000కు పైగా సోదాలు జరిగాయి, హత్యలు 515. అది అమలవుతున్న తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పిచ్చారు, 2015కల్లా సోదాలు 23,000 లోపుకు పడిపోయాయి. మరో రెండేళ్లకు వచ్చిన అంకె పైన చెప్పిన 292. సడలించిన బెయిలు చట్టం 2020 జనవరిలో అమలులోకి వచ్చింది సరే. అలాంటి చట్టమే లేని రాష్ట్రాలతో కలిపి దేశమంతటా అదే ఏడాది హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి. వలసదారుల మాటకు వస్తే, 2022 వసంతం నుంచి రెండు లక్షల మందికి పైగా శరణార్థులు నగరానికి చేరిన సరిగ్గా ఆ కాలంలోనే హత్యలు ఏటేటా తగ్గుతూ వచ్చాయి.

సందేశంలో నగరం నడిబొడ్డున ఉన్న మన్‌హాటన్ వీధుల ఫొటోలు ఉన్నాయి గానీ, చావులు ఎక్కువగా జరిగే చోట్ల ప్రస్తావన ఒక్కటీ లేదు. బ్రూక్లిన్‌లోని ఈస్ట్ న్యూయార్క్ ప్రాంతానికి చెందిన 75వ పోలీసు ఠాణా పరిధిలో 1993లో 126 హత్యలు జరిగాయి, అంటే మూడు రోజులకు ఒకటి. ఇప్పుడు అక్కడ అంతటి ఘోరం లేదు. కానీ మిగిలిన హత్యల్లో పెద్ద భాగం నేటికీ అక్కడా, పక్కనున్న బ్రౌన్స్‌విల్‌లోనూ, దక్షిణ బ్రాంక్స్‌లోనూ జరుగుతున్నాయి. చనిపోయేవారిలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు.