రోమాలు మారరట!

ఏటా ఏప్రిల్ 8న అంతర్జాతీయ రోమా దినోత్సవం వస్తుంది. దానితోపాటే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక సందేశమూ వస్తుంది. సారాంశం ఇది: ఐరోపాలోని రోమాలు (జిప్సీలని పిలిచే జనం) మన రాజపుత్ర వీరుల సంతతి, మన బంజారాలకు అన్నదమ్ములు, సంచారం వాళ్ళ రక్తంలోనే ఉంది, దొంగతనం వాళ్ళ వృత్తి, అక్కడి ప్రభుత్వాలు వేల కోట్లు కుమ్మరించినా వాళ్ళు మారరు, తమంతట తాము ఏమీ చేసుకోరు, పిల్లల్ని బడికి పంపరు, కాబట్టి సమానత్వ పథకాలన్నీ బూడిదలో పోసిన పన్నీరు. మొదటి వాక్యంలో అక్కున చేర్చుకుని, చివరికి వచ్చేసరికి మెడపట్టి గెంటేసే ఈ సందేశాన్ని బాగా చదువుకున్నవాళ్ళే పంపుతున్నారు. ఒక్కో మాటా తీసి చూద్దాం.

వంశం సంగతి ముందు తేల్చేయవచ్చు. రోమాల మూలాలు భారతదేశంలో ఉన్నాయన్నది నిజం. వాళ్ళ భాష రోమానీ ఇండో-ఆర్య కుటుంబానికి చెందినదే. రాజపుత్ర వీరుల కథకు మాత్రం గట్టి ఆధారం లేదు. 2012లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమును పరిశీలించి, రోమాల పూర్వీకులకు వాయవ్య భారతంలోని డోమ్ వంటి సమూహాలతో దగ్గరి సంబంధం ఉందని చెప్పారు. అంటే, ఇక్కడ అంటరానివాళ్ళంటూ ఊరి బయట ఉంచిన జనంతో. ఈ ముక్క ఆ సందేశంలో కనబడదు. బంజారాలూ రోమాలూ ఒకటేననడం కూడా ఊహే. లంబాడీల గోర్ బోలి రాజస్థానీ భాషలకు దగ్గరిది. రోమాల పూర్వీకులు ఈ నేల విడిచి వెయ్యేళ్ళ పైమాట.

ఇక సంచారం. 1893లో హంగరీ రాజ్యం తన రోమాలను లెక్కించింది. దాదాపు 2 లక్షల 75 వేల మంది తేలితే, వాళ్ళలో పదింట తొమ్మిది వంతుల మంది అప్పటికే ఒకచోట ఇల్లు ఏర్పరచుకుని ఉన్నారు. ఇప్పటి రొమేనియాలో కలిసిన వలాకియా, మోల్దావియా ప్రాంతాల్లోనైతే రోమాలు శతాబ్దాలపాటు బానిసలు. మఠాలకు, భూస్వాములకు, ప్రభువులకు ఆస్తి. 1855-56లో గానీ ఆ బానిసత్వం రద్దు కాలేదు. యజమాని అమ్ముకోగలిగిన మనిషి ఎక్కడికని సంచారం పోతాడు? తిరుగుతూ బతికినవాళ్ళూ ఉన్నారు, కాదనను. చెకొస్లొవేకియా 1958లో ప్రత్యేకంగా చట్టం చేసి వాళ్ళను బలవంతంగా ఒకచోట కట్టిపడేసింది. 2010 వేసవిలో ఫ్రాన్స్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, రొమేనియా, బల్గేరియాల నుంచి వచ్చిన రోమాల గుడిసెలు కూల్చి, పెద్దవాళ్ళకు తలా 300 యూరోలు చేతిలో పెట్టి విమానాలెక్కించింది. వాళ్ళు ఐరోపా యూనియన్ పౌరులే. ఒక ప్రభుత్వం కదలనివ్వదు, ఒక ప్రభుత్వం ఉండనివ్వదు. పేరు మాత్రం సంచార జాతి.

దొంగతనం వృత్తి అన్న మాటకు వంద మంది అనుభవాలు చెబుతారు. ఆ మాటను ప్రభుత్వాలు నమ్మితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. నాజీలు చంపిన రోమాలు రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల వరకు ఉంటారని అంచనా. యుద్ధం తర్వాత బతికినవాళ్ళు పరిహారం అడిగితే, 1943కు ముందు వాళ్ళను తరలించింది జాతి ద్వేషంతో కాదు, నేరాల నివారణ కోసమని 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. అది జాతి నిర్మూలనేనని ఆ దేశ ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1982 దాకా పట్టింది. పుట్టుకతోనే నేరస్థులనే తర్కం మనకేమీ కొత్త కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, ఆ తర్వాత ఎరుకలవాళ్ళను తెచ్చిపెట్టిన స్టువర్టుపురం మన బాపట్ల పక్కనే ఉన్నాయి. ఆ చట్టం 1952లో పోయింది. ఆ ఊరి పేరు చెబితే నవ్వే నవ్వు ఇంకా పోలేదు.

వేల కోట్ల మాట తీసుకుందాం. 2014-2020 మధ్య రోమాలతో సహా అట్టడుగు సమూహాలను కలుపుకునే పనికని ఐరోపా యూనియన్ విడిగా కేటాయించింది సుమారు 150 కోట్ల యూరోలు. రూపాయల్లోకి మారిస్తే వేల కోట్లే, చూడటానికి ఘనంగానే ఉంటుంది. యూనియన్‌లో రోమాలు దాదాపు 60 లక్షల మంది. అంతా వాళ్ళకే చేరిందనుకున్నా ఏడేళ్ళకు మనిషికి 250 యూరోలు, ఏడాదికి 36. ఇతర నిధుల నుంచీ కొంత అందుతుంది. అయినా ‘కుమ్మరించారు’ అనదగ్గ లెక్క కాదు.

పథకాలు అనుకున్నంత ఫలించలేదన్నది మాత్రం నిజం. చదువు, ఉపాధి, ఆరోగ్యం, గృహవసతి అనే నాలుగు రంగాలతో 2011లో యూనియన్ రోమాల కోసం ఒక విధాన చట్రం గీసింది. 2016 సర్వేలో రోమాల్లో 80 శాతం పేదరికపు అంచున ఉన్నారు. 2021లోనూ అదే 80. అప్పుడు యూనియన్ మొత్తం సగటు 17 శాతం. 2021లో కూడా రోమాల్లో ఐదో వంతుకు పైగా జనానికి ఇంట్లో కొళాయి లేదు. కొళాయి లేకపోవడం కుటుంబం స్వభావం కాదుగదా! చట్రం గీసేది బ్రస్సెల్స్‌లోని యూనియన్. వీధిలో గొట్టం వేసేది, పిల్లవాణ్ణి ఏ బడిలో చేర్చాలో తేల్చేది స్థానిక పాలకులు. రోమా వాడకు నీళ్ళిస్తే మిగతా ఊరు ఓట్లు వేయదని భయపడే మేయరు దగ్గర చట్రం ఆగిపోతుంది. పైగా 2011 పత్రం రోమాలను సమాజంలో ఇమడ్చడం మీదే మనసు పెట్టింది. వివక్షను ఎదుర్కోవడాన్ని, నిర్ణయాల్లో రోమాల భాగస్వామ్యాన్ని విడి లక్ష్యాలుగా పెట్టుకుంది 2020 అక్టోబరు 7న వచ్చిన కొత్త పత్రమే. దాని గడువు 2030.

తమంతట తాము ఏమీ చేసుకోరట. హంగరీలోని సాజోకాజా అనే పల్లెలో 2007లో, మధ్యలో చదువు ఆగిపోయిన రోమా యువతను హైస్కూలు ముగింపు పరీక్షకు సిద్ధం చేసే బడి ఒకటి మొదలైంది. దాన్ని పెట్టినవాళ్ళలో రోమాలూ ఉన్నారు. బడి పేరు డాక్టర్ అంబేడ్కర్. నడిపే సంస్థ పేరు జై భీమ్. ఆ దేశంలోనే పేచ్ నగరంలో 1994 నుంచి గాంధీ పేరుతో మరో రోమా హైస్కూలు ఉంది.

బడికి పంపరన్న మాటను చివరికి ఉంచాను, అన్నిటికంటే పెద్ద అబద్ధం అదే కనుక. చెక్ దేశంలో ఆస్ట్రావా ఒక గనుల నగరం. 1990ల చివర అక్కడి ప్రాథమిక పాఠశాలల పిల్లలు 33,372 మందిలో రోమాలు 2.26 శాతం. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకని పెట్టిన ప్రత్యేక బడుల్లో చూస్తే 1,360 మందికి 762 మంది రోమాలు. మిగతా పిల్లలతో పోలిస్తే రోమా పిల్లలు ఆ బడుల్లో పడే అవకాశం 27 రెట్లు. అంటే పంపారు, బడే వేరే గుమ్మం చూపించింది. 18 మంది పిల్లల తరఫున కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళింది. తల్లిదండ్రులు సంతకాలు చేశారు కదా అంది ప్రభుత్వం. వివక్షకు గురికాని హక్కును సంతకంతో వదులుకోవడం కుదరదని 2007 నవంబరు 13న విస్తృత ధర్మాసనం తేల్చింది.

హంగరీలోని గ్యొంగ్యొష్‌పటాలో ఏళ్ళ తరబడి ఒకే బడిలో రోమా పిల్లలకు కింది అంతస్తు, మిగతావాళ్ళకు పై అంతస్తు. కింద చెప్పిన చదువూ నాసిరకమే. సుమారు 60 మందికి దాదాపు 10 కోట్ల ఫోరింట్ల (హంగరీ కరెన్సీ) పరిహారం ఇవ్వాలని 2020 మేలో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం ఆదేశించింది. పని చేయకుండా ఇంత డబ్బా అని ప్రధాని ఓర్బాన్ బహిరంగంగానే విసుక్కున్నారు. ఆ తీర్పు సొమ్ము ఆపలేకపోయారు గానీ, కొద్ది వారాల్లోనే చట్టం సవరించారు: ఇకమీదట ఇలాంటి కేసుల్లో నగదు ఉండదు, పరిహారంగా చదువో శిక్షణో ఇస్తారు. చదువు ఎగ్గొట్టిన వ్యవస్థే, ఆ నష్టానికి బదులుగా మళ్ళీ చదువు చెబుతానంటోంది.