నా గొంతులో ఓవర్‌టైమ్ చేస్తున్న థైరాయిడ్ గారికి

మహారాజశ్రీ థైరాయిడ్ గ్రంథి గారికి,

పర్లాకిమిడి నుంచి జాకెట్లు కుట్టుకునే మనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నాను. తమరి హుషారే నా కొంప ముంచింది కనుక ఆ మాట మానేశాను.

మనిద్దరిదీ సరిహద్దు బతుకే. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మా ఊరు ఆ రాష్ట్రంలోకి పోయింది, పక్కనే ఉన్న నా పుట్టిల్లు పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. తమరూ అంతే, తలకీ మొండేనికీ మధ్య సీతాకోకచిలుకలా రెక్కలు చాపుకుని కూర్చున్నారు. తూకం చూస్తే మామూలుగా పాతిక గ్రాములు మించరు. పెత్తనం మాత్రం గుండె నుంచి పేగుల దాకా!

నిజం చెప్పొద్దూ, తమరి ఓవర్‌టైమ్ మొదలైన కొత్తలో నాకు బాగానే ఉండేది. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. రోజుకు నాలుగు జాకెట్లు కుట్టేదాన్ని ఆరు కుట్టాను. పొద్దున్న చద్దన్నం, పదకొండింటికి మళ్లీ చద్దన్నం, పక్కింటి ఒడియా ఆవిడ వాళ్ల చద్దన్నం, పఖాళ పెడితే అదీ. అయినా మూడు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. వీధి వీధంతా మెచ్చుకుంది. "ఏటి తింటన్నావే, మాకూ చెప్పు" అని అడగనివాళ్లు లేరు. మా ఆయనైతే ఈ వయసులో ఇంత చురుకేమిటని మురిసిపోయాడు. జబ్బు చేసిన మనిషి మూలన పడాలి గానీ, పనిమంతురాలైపోతే ఎవరికి అనుమానం వస్తుంది? నాకూ రాలేదు. ఉన్న జాకెట్లన్నీ బిగించి కుట్టుకుని, తెగ తిరిగాను.

చివరికి తమరు సూది దగ్గర దొరికిపోయారు. హుక్కులు కుడదామని కూర్చుంటే దారం కొస బెజ్జం చుట్టూ ప్రదక్షిణలు చేస్తుందే తప్ప లోపలికి వెళ్లదు. తడిపాను, నలిపాను, కొస కత్తిరించాను, పదోసారికి మనవరాలిని పిలిచాను. రాత్రి పడుకుంటే గుండె మిషన్ మోటారులా చెవిలో కొట్టుకునేది. మాఘమాసం చలిలో నేను ఫ్యాను వేస్తే, మా ఆయన దుప్పటితో సహా ముందుగదిలోకి మకాం మార్చాడు. మొదట చూపించుకున్న డాక్టరు నాడైనా పట్టకుండా "టెన్షనమ్మా" అని నిద్రమాత్ర రాసిచ్చాడు. మా మేనత్త ఇంకా నయం, "థైరాయిడేనే, నాకూ ఉంది, నా మాత్ర సగం వేసుకో" అంది. ఆవిడ గొంతులో ఉన్నది తమరి వంశంలోనే పుట్టిన బద్ధకస్తుడు. ఆవిడ మింగేదీ, తమరు నాలో కుండపోతగా పోస్తున్నదీ ఒకటే హార్మోను. మింగి ఉంటే అగ్నికి ఆజ్యమే.

బరంపురంలో డాక్టరమ్మ చేతులు చాపమని, నా వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచింది. కాగితం రావి ఆకులా వణికింది. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా దాన్నే చూశాం. తర్వాత జుట్టుకేమైనా వాడుతున్నావా అని అడిగింది. రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను మరి. అవి ఒంట్లో ఉంటే ఈ పరీక్షే తప్పు చెబుతుందట, నాలుగు రోజులు మానేశాక రక్తం ఇమ్మంది.

తమరు పోసే హార్మోన్లు టీ3, టీ4 ఎక్కువ. టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ. "తక్కువే కదా, మంచిదే" అన్నాడు మా ఆయన, సుగరు లెక్కన. తమరికి పని ఆర్డరు పంపేది మెదడు కింద కూర్చున్న పిట్యూటరీ గ్రంథి. ఆ ఆర్డరు పేరే టీఎస్‌హెచ్. తమరు పోసిన సరుకు చూసి బెదిరిపోయి ఆ పై ఆఫీసరు ఆర్డర్లే ఆపేసింది. మరి ఎవరు చెబితే చేస్తున్నారు? ఇంకో పరీక్షలో గుట్టు బయటపడింది. నా ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలే ఆ ఆఫీసరు సంతకం ఫోర్జరీ చేసి తమరికి ఆర్డర్లు ఇస్తున్నాయి. దీనికి గ్రేవ్స్ వ్యాధి అని పేరు, 1835లో వివరించిన ఐర్లండు డాక్టరు రాబర్ట్ గ్రేవ్స్ పేరు మీద. బరంపురం దాటి ఎరగని నాకు ఐర్లండు చుట్టరికం కలిపారు, సంతోషం.

గుండెదడకీ వణుకుకీ ఇచ్చిన ప్రొప్రనొలోల్ రోజుల్లోనే పనిచేసింది. తమరికి కళ్లెం వేసే కార్బిమజోల్‌కి మాత్రం వారాలు పట్టింది. కొత్త సరుకు ఆపినా గోడౌన్లో పాతది అయిపోవాలిగా! ఏడాది, ఏడాదిన్నర వాడాలన్నారు. జ్వరం గానీ గొంతునొప్పి గానీ వస్తే ఆ మాత్ర ఆపేసి, అదే రోజు రక్తంలో తెల్లకణాలు చూపించుకోమని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పి, నా చేత ఒకసారి చెప్పించుకుంది. మాత్రల గడువు అయ్యాక కూడా తమరు మళ్లీ మొదలెడితే తమరిని మాడ్చే రేడియో అయోడిన్ మందు, లేదా ఆపరేషన్. ఇది బెదిరింపు కాదు, మెమో అనుకోండి.

ఇప్పుడు దారం ఎక్కుతోంది. నాలుగు కిలోలు తిరిగొచ్చాయి. "ఏటే, ఒళ్లు చేసినావు" అని వీధంతా దిగులు పడుతోంది. టీ4 దారిలోకొచ్చినా పై ఆఫీసరు అలక ఇంకా తీరలేదు, టీఎస్‌హెచ్ కిందనే ఉంది. దానికి నెలలు పడుతుందట.

బిగించిన జాకెట్లకి లోపల బట్ట కత్తిరించకుండా వదిలాను, అదొక్కటే బుద్ధిగల పని. పక్కల ఒక వరస కుట్టు విప్పాను. రెండో వరస వచ్చే నెల రిపోర్టు చూశాక.

ఇట్లు,
తమరిని మోస్తున్న గొంతు