సానపట్టగా పోయిన ముక్కల్లో పాతాళ సాక్ష్యం

ఓరుగల్లులో కోహినూర్ ప్రస్తావన వస్తే రెండు మాటలే వినిపిస్తాయి. అది భద్రకాళి అమ్మవారి నేత్రంగా వెలిగిందన్న జనశ్రుతి ఒకటి, ఇప్పుడు ఎవరికి చెందాలన్న వాదం మరొకటి. ఆ రాయి ఎంత లోతున, దేని నుంచి పుట్టిందన్న ప్రశ్న మన చర్చల్లోకి రాదు. 1852లో లండన్‌లో దానికి మళ్లీ సానపట్టినప్పుడు నేటి కొలతలో 191 క్యారట్ల రాయి సుమారు 106 క్యారట్లకు తగ్గింది. మెరుపు కోసం అరగదీసిన ఆ భాగంలో ఏముండేదో ఇక తెలిసే దారి లేదు. నన్ను ఎక్కువగా బాధించే నష్టం అదే.

వజ్రం లోపల కనిపించే, వ్యాపారి మచ్చ అని ధర తగ్గించే కణమే భూశాస్త్రజ్ఞుడికి అసలైన నిధి. రష్యాలోని కోలా వద్ద మనిషి తవ్విన అత్యంత లోతైన బోరు 12 కిలోమీటర్లు దాటి కొద్ది దూరమే వెళ్లింది. వజ్రాల్లో అత్యధికం 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున పుడతాయి. పెరుగుతున్న వజ్రం పక్కనున్న ఖనిజాన్ని తనలో ఇముడ్చుకుంటే దానికి గాలీ నీరూ సోకవు. చుట్టూ ఉన్న గోడ అంత గట్టిది కనుక, రాయి నేల మీదికి వచ్చాక కూడా ఆ కణం మీది ఒత్తిడి పూర్తిగా సడలదు. అందుకే వజ్రాన్ని పగలగొట్టకుండా లేజర్ కాంతిని పంపి, చెదిరి వచ్చిన వెలుగును పరీక్షిస్తే లోపలి ఖనిజమేదో, అది ఇంకా ఎంత ఒత్తిడిలో ఉందో అంచనా వేయవచ్చు. ఈ పద్ధతికి మూలం 1928లో సి.వి.రామన్ కనుగొన్న ఫలితమే. వజ్రాల మీద ఆయనకున్న మక్కువ తెలిసినవారికి ఇది మరింత సంతోషం కలిగిస్తుంది. పరారుణ కాంతి వజ్రంలోని నత్రజని పరమాణువులు ఎలా గుమిగూడాయో చూపుతుంది. ఆ అమరికను బట్టి రాయి ఎంత వేడిలో ఎంతకాలం ఉందో లెక్క కడతారు.

2014లో వెల్లడైన ఫలితం దీనికి గొప్ప ఉదాహరణ. బ్రెజిల్‌లోని జుయినాలో దొరికిన, నగకు పనికిరాని ఒక చిన్న వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజ కణం బయటపడింది. సహజ స్థితిలో 500 కిలోమీటర్లకు పైబడిన లోతున ఉండే ఆ ఖనిజం బరువులో దాదాపు ఒకటిన్నర శాతం నీరని తేలింది. అది ద్రవరూపంలో ఉన్న నీరు కాదు, స్ఫటికంలో కలిసిపోయిన నీరు. 2016లో మరో బృందం 53 పెద్ద వజ్రాలను, వాటిని కోయగా మిగిలిన ముక్కలను పరిశీలించి, వాటిలో ఇనుము, నికెల్, కార్బన్, గంధకం కలిసిన లోహ కణాలను గుర్తించింది. ఆ వజ్రాలు 360 నుంచి 750 కిలోమీటర్ల లోతున కరిగిన లోహంలో పెరిగాయన్నది వారి నిర్ధారణ. వాటిలాగే గోల్కొండ వజ్రాలుగా పేరొందినవీ నత్రజని దాదాపు లేని రకానివే. గోల్కొండ వజ్రంగానే పేరొందిన కోహినూర్ నుంచి అరిగిపోయిన పొడి విలువ ఇప్పుడు అర్థమవుతుంది.

ఇదే పొరపాటు ఉత్తర తెలంగాణలో మరో రూపంలో సాగుతోంది. కరీంనగర్ చుట్టుపక్కల భూపటలపు లోతుల్లో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ రూపుమారి పైకి వచ్చిన గ్రాన్యులైట్లు ఉన్నాయి. వాటిలో సఫిరిన్ వంటి అరుదైన ఖనిజం దొరికిందని 1990లలోనే శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అదే జిల్లా టాన్ బ్రౌన్ గ్రానైట్‌కు ప్రపంచ మార్కెట్‌లో పేరు. క్వారీలో కోసిన బండ మెరుగుపెట్టిన పలకగా ఓడ ఎక్కాక, అది ఏ గుట్టదో చెప్పేవారుండరు. ఎలక్ట్రాన్ పుంజంతో ఖనిజ రసాయనాన్నీ, జిర్కాన్ అనే ఖనిజంలోని యురేనియం, సీసం నిష్పత్తితో వయసునూ నిర్ణయించగల పరికరాలున్నా, రాయి ఏ చోటిదో తెలియకపోతే ఆ ఫలితం సగమే.

తవ్వకాలు ఆపాలని నేను అనడం లేదు. వాటి మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. లీజు ఇచ్చేటప్పుడే ప్రతి క్వారీ నుంచి కొత్త లోతుకు చేరినప్పుడల్లా పిడికెడంత నమూనాను, అక్షాంశ రేఖాంశాలతో, లోతు, తేదీ రాసి భద్రపరచాలన్న షరతు పెట్టాలి. ఆ నమూనాలకు హనుమకొండలో ఒక గది, ఒక రిజిస్టరు, పరిశోధక విద్యార్థులకు అడిగిన రోజే తెరిచి చూపే ఉద్యోగి ఒకరు ఉంటే పని మొదలుపెట్టవచ్చు.