చార్లీ బ్రౌన్ గెలవకూడదా?

2015లో వచ్చిన యానిమేషన్ సినిమా 'ది పీనట్స్ మూవీ' మీద పాత అభిమానులు కొందరికి ఇప్పటికీ కోపమే. చార్లీ బ్రౌన్ గెలవడమేంటి అంటారు. అమెరికా పత్రికల్లో 'పీనట్స్' అనే బొమ్మల కథను (కామిక్ స్ట్రిప్) చార్లెస్ షుల్జ్ 1950 అక్టోబరు 2న మొదలుపెట్టి, సహాయకులెవరినీ పెట్టుకోకుండా దాదాపు యాభై ఏళ్లలో 17,897 స్ట్రిప్పులు గీశారు. వాటిలో ముఖ్యపాత్ర అయిన చార్లీ అనే ఈ పిల్లాడికి దక్కింది చాలావరకు ఓటమే. గాలిపటం చెట్టుకు చిక్కుకుంటుంది. తన్నబోయే బంతిని తోటిపిల్ల లూసీ ఆఖరి క్షణంలో లాగేస్తుంది. తనకిష్టమైన ఎర్రజుట్టు అమ్మాయిని పలకరించే ధైర్యం ఎన్నాళ్లకీ రాదు. అలాంటివాణ్ని సినిమా చివర్లో పిల్లలంతా భుజాలకెత్తుకుంటే, ఆ కథతో పెరిగినవాళ్లకు గుచ్చుకోవడం సహజమే.

సినిమా రాకముందు వాళ్ల బెంగ వేరు. గీతల బొమ్మల్ని త్రీడీలోకి మారిస్తే పాడైపోతాయని. అలా జరగలేదు. దర్శకుడు స్టీవ్ మార్టినో, బ్లూ స్కై స్టూడియోస్ వాళ్లు కళ్లనీ కనుబొమ్మల్నీ నోటినీ కలం గీతల్లాగే ఉంచారు. రాసినవాళ్లలో షుల్జ్ కొడుకు, మనవడు ఉన్నారు. అమెరికాలో సినిమా చూసి బయటికొచ్చిన ప్రేక్షకుల్ని అడిగే సినిమాస్కోర్ సర్వేలో దీనికి 'A' గ్రేడ్ వచ్చింది.

ఆ స్ట్రిప్ పేరు కూడా వినని పిల్లలకు ఈ సినిమా ఏమనిపిస్తుంది? మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. వేసవి సెలవుల్లో మేనల్లుళ్లకీ మేనకోడళ్లకీ ఈ సినిమా చూపించాను. ఇందులో పెద్దవాళ్ల మాట ఒక్కటీ వినబడదు. టీచరు నోరు తెరిస్తే ట్రాంబోన్ అనే బాకా వా-వా-వా అంటుంది, అంతే. అందరూ పడీపడీ నవ్వుతుంటే మూడో తరగతి చదివే మేనకోడలు మాత్రం నవ్వకుండా అంది: "మా బళ్లో మొదట్లో నాకూ ఇలాగే వినిపించీది మావయ్యా." సినిమా మీద నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ మాట లేదు. పిల్లలకు తెలిసిన మాటలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇన్నేళ్లకీ ఇక్కడి పిల్లకి మొదటి తరగతి అలాగే వినబడిందంటే నాకు బాధేసింది.

వాళ్లను పట్టి కూర్చోబెట్టింది మార్కుల ఘట్టం. పరీక్షలో చార్లీకి పూర్తి మార్కులు వస్తాయి, బడంతా వాణ్ని నెత్తిన పెట్టుకుంటుంది. తీరా చూస్తే ఆ పేపరు పెప్పర్‌మింట్ ప్యాటీ అనే తోటిపిల్లది. సన్మాన సభలోనే నిలబడి ఆ సంగతి చెప్పేస్తాడు. "ఎవుడికీ తెలీదు కదా, ఎందుకు చెప్పీసేడు?" అన్నాడు ఒక మేనల్లుడు. "ఆడివి కావు కదేటి!" అంది అదే పిల్ల. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. మార్కుల కోసం ఇంటిల్లిపాదీ టెన్షన్ పడే చోట ఆ ప్రశ్న రావడమే సినిమా గొప్పతనం.

గెలుపు గురించి అభిమానులు చేసే ఫిర్యాదు అందుకే నాకు సగమే ఒప్పనిపిస్తుంది. చివర్లో ఎర్రజుట్టు అమ్మాయి వాణ్ని ఎందుకు మెచ్చుకుంది? సభలో నిజం చెప్పి పేరు పోగొట్టుకున్నందుకు. చెల్లెలు శాలీ కోసం తన ప్రదర్శన వదులుకున్నందుకు. అవన్నీ వాడు ఓడిపోయిన సందర్భాలే. వాటిని ఒకరు గమనించారని తెలియడం వేరు, కప్పు కొట్టడం వేరు. స్ట్రిప్‌లో చూపించని ఆమె ముఖాన్ని చూపించడం పెద్ద నేరమేమీ కాదు, 1977 నాటి పీనట్స్ టీవీ కార్యక్రమంలోనే చూపించారు. కానీ భుజాలకెత్తుకుని ఊరేగించడం మాత్రం అనవసరం. ఆ అమ్మాయి మాటల దగ్గరే ఆపితే సరిపోయేది.

పాత్ర స్వభావమే మారిపోతే అది వేరే సంగతి. 2024 'గార్ఫీల్డ్' సినిమాలో, 1978 నుంచీ కామిక్ స్ట్రిప్‌లో తిండి, నిద్ర తప్ప ఏదీ పట్టని పిల్లిని రైలు మీద దూకించారు. అక్కడ ప్రేక్షకుల కోపం న్యాయం. చార్లీ బ్రౌన్‌కి ఆ అన్యాయం జరగలేదు. పేర్లు పడటం మొదలవగానే టీవీ కట్టేసేవాళ్లు ఇంకొంచెంసేపు కూర్చోవాలి. లూసీ మళ్లీ బంతి లాగేస్తుంది, వాడు మళ్లీ వెల్లకిలా పడతాడు.