మూడు నెలల టెస్టును తక్షణం రద్దు చేయాలి

ఒక మనిషి మీద నిఘా పెట్టాలంటే ప్రభుత్వానికి కూడా కొంత ఖర్చుంటుంది. ఫైలు కదలాలి, సంతకాలు పడాలి, కనీసం ఒక కానిస్టేబులైనా సందు చివర టీ తాగుతూ నిలబడాలి. నా మీద మాత్రం పైసా ఖర్చు లేకుండా ఏళ్ల తరబడి నిఘా నడుస్తోంది. నడిపేది ఇంకెవరో కాదు, నా ఒంట్లో తిరిగే రక్తమే. ఆ నిఘా పేరు హెచ్‌బీఏ1సీ, వెనక మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష. మనవాళ్లు మూడు నెలల టెస్టు అంటారు. దీన్ని రద్దు చేయించడానికి ప్రజలు కదలాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట ఒక విషయం ఒప్పుకుందాం. మన దగ్గర షుగర్ టెస్టు కూడా ఒక పరీక్షే. పరీక్ష అంటే ముందు మూడు రోజులు చదివి రాసేది. సోమవారం పొద్దున ఫాస్టింగ్ అంటే శుక్రవారం నుంచి అన్నం బంద్. జొన్నరొట్టె, కాకరకాయ రసం, మెంతులు నానబెట్టిన నీళ్లు. పార్కు చుట్టూ పది రౌండ్లు. సోమవారం రిపోర్టులో 112. డాక్టరు గారు "గుడ్" అంటారు. ఆ గుడ్‌ని జేబులో వేసుకుని తిన్నగా టిఫిన్ సెంటరుకి వెళ్లి, మూడు రోజుల బాకీ పూరీల రూపంలో తీర్చుకుంటాం. తిన్నాక రెండు గంటలకు ఇచ్చే రక్తానికీ మార్గం ఉంది. రెండు ఇడ్లీ తిని వెళ్లి "భోజనం అయింది" అని చెప్పడం. అది అబద్ధం కాదు. ఇడ్లీ కూడా బియ్యం బిడ్డే.

తరతరాలుగా డాక్టరుకీ పేషెంటుకీ మధ్య ఇలా మర్యాదగా సాగిపోతున్న వ్యవహారాన్ని చెడగొట్టిన వ్యక్తి టెహ్రాన్‌లో తేలాడు. పేరు శామ్యూల్ రహ్‌బర్. 1968లో ఆయన రోగుల రక్తంలో తేడా హిమోగ్లోబిన్లేమైనా ఉన్నాయా అని వెతుకుతుంటే, షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో ఒక వింత రకం కనబడింది. అదే ఈ హెచ్‌బీఏ1సీ. చూసి ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. పేపరు కూడా అచ్చేయించాడు. 1976లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కోనిగ్, సెరామీ, వాళ్ల తోటివాళ్లు, షుగర్ అదుపు తప్పితే ఈ హిమోగ్లోబిన్ పెరుగుతుందని, అదుపులోకొస్తే తగ్గుతుందని చూపించారు. అంతే, ఇన్విజిలేటర్ హాల్లోకి వచ్చేశాడు.

వాడి పనితనం చూడండి. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ నాలుగు నెలలూ రక్తంలో తిరిగే గ్లూకోజ్ దాని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూ పోతుంది. దీనికి ఎంజైమ్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చొక్కా మీద పడ్డ ఆవకాయ నూనె లాగా ఒకసారి పడితే ఇక ఆ కణం చచ్చేదాకా పోదు. అందులోనూ కిందటి నెల మరకలదే సుమారు సగం వాటా. చివరి మూడు రోజుల కాకరకాయ రసం ఎంత చేదుగా ఉన్నా లెక్కలోకి రాదు.

నా రిపోర్టులో ఫాస్టింగ్ 112, మూడు నెలలది 8.6. అంటే సగటున 200 మీద నడుస్తున్నానని. డాక్టరు గారు రెండు అంకెలనీ మార్చి మార్చి చూశారు. కళ్లజోడు తీశారు. "ఈమధ్య ఇంట్లో శుభకార్యాలేమైనా జరిగాయా?" అన్నారు. మా తోడల్లుడి కూతురి పెళ్లయి నెలన్నర. జ్యోతిష్కుడైనా జాతకం అడుగుతాడు, ఈయన రెండు చుక్కల రక్తంతో పెళ్లి భోజనాలు చెప్పేశారు.

మా బావమరిది సైన్సు మాస్టారు. ఆయనొక ఆశ చూపించాడు. ఐరన్ తక్కువైతే ఈ టెస్టు ఎక్కువ చూపించే అవకాశం ఉందట. వెంటనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాను. 15 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నందుకు ఇంత బాధపడటం ఇదే మొదటిసారి.

నిజానికి ఈ శాస్త్రవేత్తలు మన సాకుల్ని ఒక్కొక్కటే వరసపెట్టి కూల్చుకుంటూ వచ్చారు. "నా ప్యాంక్రియాస్ చచ్చిపోయిందండీ, పాపం దాని తప్పేముంది" అని మనం జాలిగా చెప్పుకునేవాళ్లం. న్యూయార్క్ బ్రాంక్స్‌లో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ అనే ఇద్దరు, ప్యాంక్రియాస్ తయారుచేసే, షుగర్‌ని అదుపులో పెట్టే ఇన్సులిన్‌ని రక్తంలో కొలిచే పద్ధతి కనిపెట్టారు. అంతకు ముందు అంత తక్కువ మోతాదును అంత కచ్చితంగా కొలిచే దారి లేదు. దానికి బీజం వేసిన పేపరును ఒక పత్రిక మొదట తిప్పికొట్టింది. యాలో ఆ ఉత్తరాన్ని భద్రంగా దాచుకుని, 1977లో నోబెల్ ప్రసంగంలో అందరికీ చూపించారు. (బెర్సన్ అప్పటికే పోయారు. పగ తీర్చుకోవడంలో ఇంత ఓపిక నేను మా మేనత్తలో మాత్రమే చూశాను.) 1960లో వాళ్లు కొలిచి చూస్తే, పెద్దయ్యాక షుగర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఇన్సులిన్ లేకపోవడం కాదు, మామూలువాళ్ల కంటే ఎక్కువే కనబడింది. అది తలుపు కొడుతోంది. ఒళ్లు వినిపించుకోవడం లేదు. పాపం అనాల్సింది ప్యాంక్రియాస్‌ని, ఓవర్‌టైమ్ చేస్తున్నందుకు.

"నేను సన్నగానే ఉన్నాను కదా" అనేది రెండో సాకు. దాన్ని పూనా డాక్టరు యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటోతో పడగొట్టారు. ఆయన, యడ్కిన్ అనే బ్రిటిష్ డాక్టరు పక్కపక్కన నిలబడ్డ ఫొటో అది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు లెక్క) ఒకటే, 22.3. దొరగారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2. చొక్కా సైజు ఒకటే, లోపలి సరుకు వేరు. సన్నటి ఒంటిలో బొజ్జని దాచుకునే ఈ విద్య మనకు పుట్టుకతోనే వస్తుందని పూనా పల్లెల్లో పసిపిల్లల్ని కొలిచి మరీ చెప్పారు.

ఇక మా ఇంట్లో నడుస్తున్న కేసు. రాత్రి పడుకునే ముందు గ్లూకోమీటరులో 128. పొద్దున లేవగానే 162. మా ఆవిడ ముందు ఆ అంకెని చూసింది, తర్వాత ఆత్రేయపురం పూతరేకుల డబ్బాని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"రాత్రి వంటింట్లో లైటు వెలిగింది."

"మంచినీళ్లకి లేచాను."

"మంచినీళ్లకి 34 పెరుగుతుందాండీ?"

పూతరేకులు లెక్కపెట్టింది. సరిగ్గా ఉన్నాయి. అయినా అనుమానం పోలేదు. నిన్న లెక్కపెట్టేటప్పుడు తానే పొరబడి ఉంటాననుకుంది. చివరికి పంచాయితీ డాక్టరు గారి దగ్గరకు చేరింది. ఆయన చెప్పింది ఇది. మనం నిద్రపోతున్నా మెదడుకు గ్లూకోజ్ కావాలి కాబట్టి కాలేయం దాచుకున్న దాంట్లోంచి తీసి, చాలకపోతే కొత్తగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు దాన్ని ఇంకా తొందరపెడతాయి. "ఇక చాలు, ఆపు" అని చెప్పాల్సింది ఇన్సులిన్. ఆ మాట వినబడకపోతే కాలేయం ఫంక్షన్ హాల్లో వడ్డించేవాడి లాగా "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వేస్తూనే పోతుంది. మెట్‌ఫార్మిన్ బిళ్ల చేసే ముఖ్యమైన పని ఆ గరిటె పట్టుకోవడమే.

జీవితంలో మొదటిసారి సైన్సు నా పక్షాన సాక్ష్యం చెప్పింది. మా ఆవిడ అంతా శ్రద్ధగా విని, ఆటోలో వస్తూ అడిగింది. "ఆ కాలేయం వంటింటి లైటు కూడా వేస్తుందా?"

ఇన్సులిన్ తయారయ్యే చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనవాడి హస్తం ఉంది. ప్యాంక్రియాస్‌లోని బీటా కణంలోకి గ్లూకోజ్ వెళ్లి కాలితే ఏటీపీ అనే శక్తి నాణెం పుడుతుంది. ఏటీపీ పెరగగానే పొటాషియం తలుపు మూసుకుంటుంది. అది మూసుకుంటే కాల్షియం లోపలికి దూకుతుంది, మూటగట్టి ఉంచిన ఇన్సులిన్ బయటికొస్తుంది. గ్లిమిపిరైడ్ బిళ్ల కూడా ఆ తలుపునే మూస్తుంది. తలుపు మూశాకే పని జరిగే ఆఫీసులు మనకు కొత్తేమీ కాదు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి బయటపెట్టినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడు.) పెళ్లిలో మూడో కాజా తిన్నప్పుడల్లా మనం ఒక తెలుగు శాస్త్రవేత్త కృషికి నివాళి అర్పిస్తున్నట్టే. ఈ కోణంలో ఎవరూ ఆలోచించరు.

పరీక్ష అన్నాక ఫెయిలవడం ఉంటుంది. మన లెక్కలో ఇన్సులిన్ రాశారంటే ఫెయిల్. "ఆయనకి ఇంజెక్షన్ దాకా వచ్చిందట" అని గొంతు తగ్గించి చెప్పుకుంటాం. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే, షుగర్ ఉన్న 14 ఏళ్ల కుర్రాడికి అదే ఇంజెక్షన్ మొదటిసారి ఇచ్చారు. అంతకు ముందు అలాంటి పిల్లలకు ఉన్న వైద్యం పస్తు పెట్టడమే. పస్తులతో ఇంకొన్నాళ్లు బతికేవాళ్లు, అంతే. మొదటి మందు శుభ్రంగా లేక సరిగ్గా పనిచేయలేదు. కాలిప్ అనే శాస్త్రవేత్త శుద్ధి చేసిన మందు పన్నెండు రోజుల తర్వాత ఇస్తే పిల్లవాడు కోలుకున్నాడు. కనిపెట్టినవాళ్లు ఆ పేటెంటును తలా ఒక డాలరుకి విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. ఇంతటి వస్తువును మనం ఫ్రిజ్‌లో మజ్జిగ గిన్నె వెనకాల, చుట్టాలకు కనబడకుండా దాస్తాం. పెద్దయ్యాక వచ్చే టైప్ 2 షుగర్ బయటపడే నాటికే బీటా కణాల సత్తా సగం దాకా పోయి ఉంటుందని బ్రిటన్‌లో రెండు దశాబ్దాలు నడిచిన అధ్యయనం అంచనా వేసింది. అంటే హాల్ టికెట్ చేతికొచ్చేసరికే సగం సిలబస్ అయిపోయింది. అయినా మనకు ఫెయిల్ ఫెయిలే.

2023లో ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైన, వచ్చేలా ఉన్నవాళ్లు 13.6 కోట్లు. రైల్వే భాషలో కన్ఫర్మ్డ్, వెయిటింగ్ లిస్ట్. ఇంత ఓటు బ్యాంకు ఉండి కూడా ఒక్క పార్టీ అయినా ఈ టెస్టు రద్దును మేనిఫెస్టోలో పెట్టలేదు.

రద్దు కుదరకపోతే కనీసం న్యాయమైన తేదీ ఇవ్వాలి. వెనక మూడు నెలల్లో పండగ లేని రోజొకటి చూద్దామని పంచాంగం తెరిచాను. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా అనుకున్నాను. బోనాలున్నాయి, ఆఖరి మామిడిపళ్లున్నాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పూర్ణాలు. చవితికి పాలతాలికలు. తర్వాత దసరా, దీపావళి. కార్తీకంలో ఉపవాసం పేరు చెప్పి వనభోజనాలు. ధనుర్మాసంలో గుడి చక్కెరపొంగలి, ప్రసాదం వద్దంటే పాపం. సంక్రాంతి అరిసెలు ఉగాది బొబ్బట్ల దాకా డబ్బాలో ఉంటాయి. ఆపైన బంగినపల్లి. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగుతాయి గానీ రిటైర్మెంట్ ఫంక్షన్లు, మనవల పుట్టినరోజులు ఆగవు. పురోహితుడు గారిని కూడా అడిగాను. మంచి ముహూర్తం అడిగినవాళ్లున్నారు గానీ ఏ ముహూర్తమూ లేని కాలం అడిగినవాడివి నువ్వే నాయనా అన్నారు.

ఇంతలో ఇన్విజిలేటర్‌కి సీసీ కెమెరా కూడా వచ్చింది. జబ్బకు అంటించే గుండ్రటి పట్టీ. రెండు వారాలు అలాగే ఉండి, కొన్ని నిమిషాలకోసారి చర్మం కింది నీటిలో గ్లూకోజ్ కొలిచి ఫోనుకి పంపుతుంది. మా బావమరిది పెట్టించుకున్నాడు. గ్రాఫ్ బెంగళూరులో ఉన్న కూతురి ఫోనుకి కూడా వెళుతుందట. మొన్న మినపసున్ని నోట్లో వేసుకుని అరగంట కాకముందే "నాన్నా, ఏం తిన్నారు?" అని వీడియో కాల్.

కాబట్టి ఉద్యమం తప్పదు. రద్దు కోరుతూ వినతిపత్రం తయారైంది. సంతకాలకు శుక్రవారం సాయంత్రం మా ఇంటికి రండి, ఆ రోజు మా ఆవిడ ఊళ్లో ఉండదు. కాజాలు తెప్పిస్తున్నాను. జబ్బకు పట్టీ ఉన్నవాళ్లు మాత్రం దయచేసి గుమ్మం బయటే సంతకం పెట్టి వెళ్లండి.