సవరణ: జపాన్ పాలక పార్టీ విజయాల గురించి

జపాన్‌లో లిబరల్ డెమోక్రటిక్ పార్టీ గెలుపుపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో, ఆ పార్టీ 1955 నుంచి ఎడతెగకుండా అధికారంలో ఉందనీ, నచ్చకపోయినా మెజారిటీ ఓటర్లు దానికే ఓటు వేస్తున్నారనీ పేర్కొన్నాను. ఈ రెండూ తప్పే.

మొదటిది తేదీల పొరపాటు: 1993 ఆగస్టు నుంచి 1994 జూన్ వరకు, మళ్లీ 2009 సెప్టెంబరు నుంచి 2012 డిసెంబరు వరకు ఆ పార్టీ ప్రతిపక్షంలో ఉంది.

రెండోది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే అది ఓటర్ల మీద నేను అన్యాయంగా మోపిన నింద. 2012లో ఆ పార్టీకి పడిన ఓట్లు, ఘోరంగా ఓడిపోయిన 2009లో పడిన ఓట్ల కంటే తక్కువ; అయినా పోలింగ్ సుమారు 69 శాతం నుంచి 59 శాతానికి పడిపోయి, దాని ప్రత్యర్థుల ఓట్లు అనేక పార్టీల మధ్య చీలిపోవడంతో, 300 ఏకసభ్య నియోజకవర్గాల్లో దాదాపు 43 శాతం ఓట్లతోనే 237 సీట్లు గెలుచుకుంది. అంటే నచ్చనివారిలో చాలామంది ఆ పార్టీకి ఓటు వేయలేదు. కొందరు ఇంట్లోనే ఉండిపోయారు, మిగతావారు ఒక్కతాటిపైకి రాలేకపోయారు.

మరో విషయాన్ని కూడా అప్పుడు విస్మరించాను. అక్కడి ఓటరు గుర్తుపై ముద్ర వేయడు, ఖాళీ బ్యాలెట్ పత్రంపై అభ్యర్థి పేరును స్వయంగా పెన్సిల్‌తో రాస్తాడు. తండ్రి తర్వాత కొడుకు పోటీ చేసే నియోజకవర్గాల్లో, ఊరంతా ఎరిగిన ఇంటిపేరు చేతికి తేలిగ్గా వస్తుంది. నిన్నగాక మొన్న పుట్టిన పార్టీ అభ్యర్థికి ఆ వెసులుబాటు ఉండదు.

‘ప్రజలే దాన్ని కోరుకుంటున్నారు’ అన్న నా వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను.