పక్కన కూర్చుని నేర్పేదెవరు?

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పునిస్తూ, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కనీసం ఒక కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ వ్యక్తికి పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో నిరూపించగల శిక్షణ ఉండాలని కూడా ధర్మాసనం చెప్పింది. నియామకాల లెక్క అడిగేవారు చాలామందే ఉంటారు. ఆ శిక్షణ ఎక్కడ దొరుకుతుందన్నది మా ప్రశ్న.

ఎనిమిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని ఒక తల్లి ఆసుపత్రికి వస్తుంది. ఒత్తులు రాయడు, గుణింతం తప్పుతాడు, బడి అనగానే కడుపునొప్పి అంటాడు. కొత్తగా చేరిన సైకాలజీ శిక్షణార్థి చేతిలో ప్రశ్నల కాగితం ఉంటుంది. పుట్టగానే ఏడ్చాడా, మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు పారాడాడు, తొలి మాట ఎన్నో నెలలో అన్నాడు? ‘అందరు పిల్లల్లాగేనండీ’ అంటుంది ఆ తల్లి. శిక్షణార్థి ‘సాధారణం’ అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు. పక్కనున్న సీనియర్ మాత్రం ‘వాళ్ల అక్క ఈ ఈడులో ఎలా మాట్లాడేదమ్మా?’ అని అడుగుతారు. అప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది. సాయంత్రం ఆ నోట్సు ముందు పెట్టుకుని, ఇందులో తల్లి చెప్పింది ఏది, నువ్వు చూసింది ఏది, నువ్వు అనుకున్నది ఏది అని నిలదీస్తారు. శిక్షణ అంటే అదీ. ఎంత మంచి పుస్తకమైనా అలా నిలదీయదు.

మానసిక ఇబ్బందులను పరీక్షించి సాయపడే ఈ శాస్త్రం, క్లినికల్ సైకాలజీ, పుట్టిందే అలాంటి పిల్లవాడితో. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త లైట్నర్ విట్మర్ దగ్గరికి ఒక బడిపంతులమ్మ అక్షరక్రమం తప్పే 14 ఏళ్ల కుర్రవాడిని తీసుకొచ్చారు. పరీక్షిస్తే చూపులో లోపం బయటపడింది. కళ్లజోడు పెట్టించి, పక్కన కూర్చోబెట్టి చదివించారు. ప్రపంచంలోనే తొలి మనస్తత్వ క్లినిక్ అలా మొదలైంది. 1908లో న్యూజెర్సీలోని మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లల కోసం నడిచిన వైన్‌లాండ్ శిక్షణ పాఠశాలలో మనస్తత్వవేత్త హెన్రీ గొడార్డ్ ఈ రంగంలో తొలి ఇంటర్న్‌షిప్ పెట్టారు. ‘మోరాన్’ (మందబుద్ధి) అనే ముద్రను తయారుచేసి పిల్లల నుదుట అంటించిన మనిషీ ఆయనే. గురువు దృష్టి వంకరైతే శిష్యుల చేతికి ఏం వస్తుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అమెరికాలో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ చేసేవారు పట్టాకు ముందు ఏడాదిపాటు ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. పరిశోధన ఎంత గొప్పగా ఉన్నా అది లేనిదే పట్టా రాదు. అక్కడా కష్టాలున్నాయి. ఒక దశలో అభ్యర్థులకు సరిపడా స్థానాలు లేక వందల మంది ఏడాదిపాటు ఎదురుచూడాల్సి వచ్చింది. అయినా ఆ నిబంధనను సడలించలేదు.

మన దేశంలో ఈ బరువును ఇన్నాళ్లూ ఎంఫిల్ మోసింది. బెంగళూరులో 1955లో మొదలైన శిక్షణ సంప్రదాయం అది. ఎంఏ తర్వాత రెండేళ్లు ఆసుపత్రిలోనే, పర్యవేక్షణలో పనిచేయాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టును నిర్వచిస్తూ ఆ రెండేళ్ల శిక్షణనే ప్రస్తావించింది. కొత్త విద్యావిధానం ఎంఫిల్‌కు మంగళం పాడింది. ఈ కోర్సుకు మాత్రం యూజీసీ 2025-26 వరకు గడువిచ్చింది. ఇక దారి ఈ వృత్తివారిని నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రూపొందించిన కొత్త ఎంఏ, ఆనర్స్ డిగ్రీలదే. తరగతి పాఠాలనూ ఆసుపత్రి పనినీ ఒకే కోర్సులో సర్దవలసి వస్తే కోత దేనికి పడుతుందో ఊహించడం కష్టం కాదు. పాఠానికి ప్రశ్నపత్రం ఉంటుంది, వార్డులో గడిపిన గంటలకు ఉండదు. మండలిలో నమోదు కాకుండా ఈ వృత్తి చేసేవారికి 1992 నాటి చట్టం విధించే జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. ఏడాది వరకు జైలు శిక్షకూ వీలుంది. అది ఎందరికి పడిందో ఎవరూ అడగరు.

తెలుగు పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. తెలివి కొలవడానికి ఇప్పటికీ వాడుతున్న బినే-కామత్ పరీక్ష మొదట మరాఠీ, కన్నడ పిల్లల కోసం తయారైంది. శ్రీకాకుళం తీరప్రాంతపు పిల్లవాడికో, ఆదిలాబాద్ గోండు గూడెం పిల్లకో దాన్ని పెట్టినప్పుడు జవాబు రాకపోతే లోపం పిల్లదా, ప్రశ్నదా? అది పసిగట్టడం పర్యవేక్షణలో మాత్రమే అబ్బే విద్య. వైకల్య ధ్రువపత్రం, పింఛను, పరీక్షలో అదనపు సమయం, అన్నీ ఆ పరీక్ష ఫలితం రాసిన కాగితం మీదే ఆధారపడి ఉంటాయి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. వైద్య కళాశాలల్లో పిల్లల విభాగాలున్నాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయపడే డీఈఐసీ కేంద్రాలు నడుస్తున్నాయి, వాటి బృందంలో సైకాలజిస్టు కూడా ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ మూడింటినీ కలిపి, ఏడాది పూర్తికాలపు శిక్షణ స్థానాలు సృష్టించాలి. హౌస్‌సర్జన్లకు ఇచ్చినట్లే ఈ శిక్షణార్థులకూ భృతి ఇవ్వాలి. శిక్షణార్థిని ఓపీ చీటీలు రాసే గుమాస్తాగా వాడుకునే అలవాటు మానాలి. కోర్టు ఆదేశం ప్రకారం కళాశాలలు సమర్పించే నివేదికలో కౌన్సెలర్ శిక్షణ గురించి ఒక గడి చేర్చాలి: ఎందరు పిల్లలతో, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో?